దొడ్డమ్మ హ్యాండిల్

శాలేమురాజు కుడిచెయ్యి భుజానికి పైగా లేచి రెండేళ్లయింది. ఆ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు ఆయన భార్య స్వర్ణలత, రెండోది దొడ్డమ్మ. ఎవరికీ చెప్పకూడదని స్వర్ణలత దగ్గర మాట తీసుకున్నాడు. దొడ్డమ్మకి నోరు లేదు గనక ఆ అవసరం రాలేదు.

దొడ్డమ్మంటే మనిషి కాదు, మిల్లింగ్ మెషీను. తెనాలిలో రైలు గేటు అవతల యలమందగారి షెడ్డులో, తూర్పు గోడవార ఉంటుంది. ఏనుగంత ఒళ్లు, ఏనుగంత ఓపిక. ఇనుప దిమ్మెని టేబుల్ మీద బిగించి హ్యాండిల్ తిప్పితే టేబుల్ జరుగుతుంది. పైన గిర్రున తిరిగే కట్టర్ దిమ్మెని చెక్కుతుంది. చెప్పడానికి ఇంతే. తిప్పడానికి మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక మనిషి కావాలి. ముప్ఫయ్యేళ్ల పైచిలుకు ఆ మనిషి శాలేమురాజే. పెళ్లి ఫొటోలో స్వర్ణలత పక్కన కనిపించే ఆ బలమైన కుడిచేతిని దొడ్డమ్మ చెరుకుగడలా నమిలి పిప్పి చేసింది.

గుంటూరులో డాక్టరు చెప్పనే చెప్పాడు, భుజంలో కండ చిరిగిందని, హ్యాండిల్ మానేస్తే ఉన్నదన్నా మిగులుతుందని. చెప్పడానికి డాక్టరుదేం పోయింది! అప్పట్నించీ శాలేమురాజు చొక్కా తొడుక్కునేటప్పుడు స్వర్ణలత వెనకనించి చెయ్యి పట్టి ఎత్తుతుంది. తాముండే రేపల్లెలో, చర్చిలో ఆదివారం గంట కొట్టే తాడు ఒకప్పటి తోటి పనివాడు అంద్రెయకి అప్పజెప్పాడు, "నువ్వైతే టైముకొస్తావు" అని వంక పెట్టి. షెడ్డులో పని మధ్యలో హ్యాండిల్ వదిలేసి, భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుని, మళ్లీ ఎడమచేత్తో పట్టుకుంటాడు. చెమట పట్టిన మనిషి మొహం తుడుచుకుంటే ఎవరు అనుమానిస్తారు? దొడ్డమ్మ కూడా ఎక్కడ వదిలితే అక్కడే నిలబడి, ఆయన చెయ్యి మార్చుకునేదాకా కదలకుండా చూసేది.

ఎందుకింత దాపరికం అంటే, అంద్రెయ వల్లనే. అంద్రెయ అదే షెడ్డులో లేతు మెషీను మీద పనిచేసేవాడు. చూపు మందగించిందని ఒకరోజు తనంతట తానే ఒప్పుకున్నాడు. అందరూ అయ్యో అన్నారు. మర్నాడే శాలువా కప్పారు, దండ వేశారు, ఫొటో తీశారు, స్వీటు పంచారు. ఎంత గౌరవంగా పంపించారంటే మళ్లీ రావడానికి వీల్లేనంత గౌరవంగా. ఆ ఫొటో ఇప్పటికీ ఆఫీసు గది గోడకి ఉంది. అంద్రెయ ఇప్పుడు రేపల్లె స్టేషన్లో సిమెంటు బల్ల మీద కూర్చుని, తెనాలి రైలు దిగినవాళ్లని "షెడ్డులో ఏంటి సంగతులు?" అని అడుగుతుంటాడు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పినప్పుడల్లా శాలేమురాజుకి ఆ బల్ల మీద అంద్రెయ పక్కన ఖాళీ చోటు కనిపించేది. పని లేకపోతే తనెవరో ఆయనకి తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

పోనీ కాస్త కూర్చుని చేసుకుందామంటే ఆ షెడ్డులో కుదరదు. కాలం చేసిన యలమందగారు రెండు కట్టుబాట్లు పెట్టి పోయారు. మెషీను నడుస్తుండగా దాని ముందు మనిషి కూర్చోకూడదు, అందుకని షెడ్డులో కుర్చీ అన్నది ఉండదు. ఇక ఏ మెషీను బాగుచేసినా, మొదటి కోత షెడ్డులో పెద్దవాడు తన చేత్తో కొయ్యాలి. ఆ కోతలో రాలిన ఇనుప రజను కాస్త పొట్లం కట్టి ఆఫీసు బల్ల సొరుగులో పెట్టాలి. ఆయన ఉన్నంతకాలం ఆయన మాటే చట్టం. పోయాక అంతకంటే గట్టి చట్టమైంది.

ఇప్పుడు షెడ్డు నడిపేది ఆయన కూతురు భువనేశ్వరి. నగరం మండలం, రేపల్లె వైపు రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్లకి గేరుబాక్సు బాడీలు చేసివ్వడం ఆవిడ తెచ్చిన పనే. అన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా ఉండాలి. టేబుల్‌ని జరిపే దొడ్డమ్మ స్క్రూ అరిగి, హ్యాండిల్ తిప్పితే ముందు చెయ్యి కదిలేది, కాసేపటికి టేబుల్ కదిలేది. ఒక బాడీ పూర్తయ్యేసరికి పూట గడిచిపోయేది. కొత్త మెషీను కొనే తాహతు లేదు. ఓరోజు టీ వేళ భువనేశ్వరి శాలేమురాజు దగ్గరికొచ్చి మెల్లిగా కదిపింది.

"బాబాయ్, దొడ్డమ్మకి కొత్త స్క్రూలేసి సర్వో మోటార్లు పెట్టిద్దామనుకుంటున్నా. దానంతటదే జరుగుద్ది. హ్యాండిల్ తిప్పే పని ఉండదు. నీకేమన్నా బాధగా ఉందా?"

శాలేమురాజు గుండె ఎగిరి గంతేసింది. హ్యాండిల్ తిప్పే పని ఉండదు! ఆ మాట మళ్లీ ఒకసారి అనిపించుకుని వినాలనిపించింది. కానీ సంతోషం మొహాన కనబడితే ఎందుకంటారు, అడిగితే చెప్పాలి. తల వంచుకున్నాడు.

"నాకేం బాధమ్మా. నీ ఇష్టం."

డెల్టా మనుషుల మధ్య 'నీ ఇష్టం' అంటే ఇష్టమని కాదు. పెళ్లిలో వియ్యంకుడు 'మీ ఇష్టమండి' అన్నాడంటే మర్నాడు అలకపాన్పు ఎక్కుతాడనే లెక్క. భువనేశ్వరి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అక్కడితో మొదలైంది.

ముందు లూకా వచ్చాడు. లూకా లేతు మేస్త్రి, అంద్రెయ తరవాత వచ్చినవాడు. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. "అన్నా, నువ్వు పెంచిన మెషీను. నీ చేతిలోంచి లాక్కుంటుంటే మేం చూస్తూ ఎట్టా ఊరుకుంటాం?" అని భుజం మీద చెయ్యి వేశాడు. కుడి భుజమే. శాలేమురాజు పళ్లు బిగించి కళ్లు మూసుకున్నాడు. ఎంత దుఃఖమో పాపం అనుకున్నాడు లూకా.

ఆ తరవాత టీ కొట్టు అచ్చమ్మ. "ఏం కాలమొచ్చింది రాజూ" అని టీతోపాటు బిస్కెట్టు ఊరికే ఇచ్చింది. రైల్లో రోజూ ఎక్కేవాళ్లూ సానుభూతి చూపారు. చావింటికి వచ్చినట్టు వచ్చి పరామర్శించి పోయారు. ఆయన అందరి ముందూ మొహం వేలాడేసుకోవాల్సి వచ్చింది. నిజంగా ఏడుస్తున్నవాడికి నడుమ నడుమ విశ్రాంతి ఉంటుంది, ఏడుస్తున్నట్టు నటించేవాడికి అదీ లేదు. సాయంత్రం రేపల్లె రైలెక్కేసరికి భుజం కంటే మొహం ఎక్కువ నొప్పిపుట్టేది.

"రేపు వెళ్లగానే చెప్పెయ్యండి" అంది స్వర్ణలత, కాపడం పెడుతూ. "ఎన్నాళ్లిట్టా?"

"మోటార్లు పెట్టేస్తే చెప్పే పనే ఉండదు. బటను నొక్కడానికి భుజం ఎందుకే? కొద్దిరోజులు ఓపిక పట్టు."

"ఓపిక నాక్కాదు, మీకుండాలి" అని ఆవిడ దీపం ఆర్పేసింది.

మోటార్లు పెట్టడానికి బాపట్ల నించి సాయిసుధ వచ్చింది. ముప్ఫై దాటిన మనిషి. పాత మెషీన్లకి కొత్త ప్రాణం పోయడమే ఆమె వృత్తి. పొద్దున రైల్లో దిగి, వీపున సంచీతో గేటు దాటి వచ్చేది. ఆమె కూడా అలిసిపోయిన మనిషే. ఊరూరా షెడ్లలో మగవాళ్లు 'మేడమ్, మీకు తెలియదు' అంటుంటే తెలిసిన పని చేసుకుపోవడం మామూలు అలసట కాదు.

దొడ్డమ్మని విప్పి, నడుము సన్నబడ్డ పాత స్క్రూ బయటికి తీశారు. దాని స్థానంలో బాల్ స్క్రూ ఎక్కించారు. లోపల ఉక్కు గోళీలుంటాయి, వేలితో తోసినా జారుతుంది. దాని చివర కూజా అంత సర్వో మోటారు బిగించారు. మోటారు వెనక చిన్న గుండ్రటి డబ్బీ ఉంది.

"ఇదేంటమ్మా?" అని అడిగాడు శాలేమురాజు.

"ఎన్‌కోడర్ అండి. మోటారు ఎంత తిరిగిందో లెక్క చూస్తుంటుంది. తిరగమన్నంత తిరిగిందా లేదా అన్నది మోటారుని నడిపే డ్రైవ్‌కి చెప్తుంది. ఎక్కడన్నా బరువెక్కువై తిరగలేకపోయిందనుకోండి, డ్రైవ్ ఎర్రలైటు వెలిగించి ఆగిపోద్ది."

"నా వల్ల కావట్లేదని చెప్పేసుద్దా?"

"చెప్పేసుద్దండి. చెప్పకపోతే మోటారు కాలిపోద్ది."

"సిగ్గు లేనిది" అన్నాడు శాలేమురాజు. అందరూ నవ్వారు. సాయిసుధ నవ్వలేదు, ఆయన వంక ఓ క్షణం చూసి మళ్లీ వైర్లలో తల దూర్చింది.

బటన్ల పెట్టె బిగించే రోజు లూకా గోల పెట్టాడు. అన్నిచోట్లా అది కుడివైపు, ఛాతీ ఎత్తున ఉంటుంది. ఈవిడ ఎడమవైపు, నడుము ఎత్తున పెట్టింది. "ఇదేం వాలకం మేడమ్? ఎవరన్నా ఎడంచేత్తో శుభకార్యం చేస్తారా?" అన్నాడు. వైరు అటునించి దగ్గరవుతుందని ఆమె ఏదో చెప్పింది.

అసలు గొడవ హ్యాండిల్ దగ్గర వచ్చింది. సాయిసుధ దాన్ని తీసి పక్కన పెట్టింది. లూకా తెచ్చి మళ్లీ తగిలించాడు.

"మోటారు తిరిగేటప్పుడు హ్యాండిల్ కూడా దాంతోపాటే గిర్రున తిరుగుద్ది లూకాగారూ. పక్కనున్నోళ్ల ఎముక విరుగుద్ది. ఉండకూడదు."

"మరి మొదటి కోత? అయ్యగారి కట్టుబాటు? అన్న చేత్తో తిప్పి కొయ్యాలా వద్దా?"

"బటను నొక్కినా చేత్తో కోసినట్టే కదండీ."

"బటను చిన్నపిల్లోడు కూడా నొక్కుతాడు!" లూకా గొంతు లేచింది. "ముప్ఫయ్యేళ్లు తిప్పిన చెయ్యండీ అది. ఆ ఒక్కసారన్నా తిప్పనివ్వరా? అంద్రెయన్నకి శాలువా అన్నా కప్పారు, ఈయనకి అదీ లేదా?"

భువనేశ్వరి ఇద్దరి మధ్యా నిలబడింది. మనసు లూకా వైపే ఉందని మొహం చెబుతోంది. సాయిసుధ చేతులు తుడుచుకుని శాలేమురాజు ముందుకొచ్చింది.

"మేస్త్రిగారూ, మీరే చెప్పండి. మీకు హ్యాండిల్ కావాలా? వద్దంటే ఇప్పుడే తీసేస్తా."

షెడ్డులో అందరూ ఆయన వంక చూశారు. ఒక్క మాట. 'వద్దమ్మా' అంటే చాలు. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ లూకా కళ్లు చెమ్మగా ఉన్నాయి. తన కోసం ఆడపిల్లతో పోట్లాడి ఒగురుస్తున్నాడు. ఇప్పుడు వద్దంటే వాడి పరువేం కావాలి? వద్దన్నవాణ్ణి ఎందుకు వద్దని అడగరూ? ఆఫీసు గదిలోంచి ఫొటోలో అంద్రెయ శాలువా కప్పుకుని చూస్తూనే ఉన్నాడు.

"నాదేముందమ్మా. మీ ఇష్టం" అన్నాడు శాలేమురాజు.

"చూశారా?" అన్నాడు లూకా విజయం సాధించినవాడిలా. "ఎంత బాధ దిగమింగుతున్నాడో!"

హ్యాండిల్ ఉండిపోయింది, మొదటి కోత అయ్యాక తీసెయ్యాలన్న సాయిసుధ షరతు మీద.

శుక్రవారం పొద్దున ముహూర్తం. ఆ ముందురోజు రాత్రి శాలేమురాజు అన్నం సయించక, మందుబిళ్ల వేసుకుని పడుకున్నాడు. పొద్దున స్వర్ణలత చొక్కా తొడుగుతూ "ప్రార్థన చేసుకున్నారా?" అని అడిగింది. "చేసుకున్నా, కోత సగంలో కరెంటు పొమ్మని" అన్నాడు. ఆవిడకి నవ్వు రాలేదు. నిజానికి ఆయనకీ రాలేదు.

షెడ్డు కడిగి ఉంది. ఎప్పటి ఆనవాయితీ ప్రకారం భువనేశ్వరి కొబ్బరికాయ కొట్టింది, దొడ్డమ్మ నుదుట బొట్టు పెట్టింది. లూకా కళ్లు మూసుకుని గట్టిగా ప్రార్థన చేశాడు. నగరం రైతుకి చేసివ్వాల్సిన గేరుబాక్సు బాడీనే టేబుల్ మీద బిగించారు. సాయిసుధ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి చెప్పింది.

"మేస్త్రిగారూ, ఒక్క సంగతండి. హ్యాండిల్ తిప్పాలంటే టేబుల్‌ని జరిపే మోటారు ఆపెయ్యాలి. ఆపితే టేబుల్‌ని పట్టుకునేవాళ్లు మీరు తప్ప ఎవరూ ఉండరు. పాత స్క్రూ బిర్రుగా ఉండేది, చెయ్యి వదిలేసినా నిలబడేది. ఇది గోళీల మీద నడిచేది, కట్టర్ తోస్తే వెనక్కి పోద్ది. ఒకసారి పట్టుకుంటే కోత అయ్యేదాకా వదలొద్దు. మధ్యలో ఆపితే కష్టం. ఇప్పటికైనా వద్దంటే..."

"ఎన్ని కోతలు కొయ్యలేదమ్మా" అన్నాడు. నోరు అలా అంది, ఆయనేం చేస్తాడు.

హ్యాండిల్ పట్టుకున్నాడు. కట్టర్ ఇంకా ఇనుముని తాకలేదు. తిప్పాడు. బరువే లేదు! నూనె వేసిన గిలక మీద ఖాళీ చేద దిగినట్టు తిరిగిపోయింది హ్యాండిల్ చక్రం. రెండేళ్లలో మొదటిసారి ఆ చెయ్యి నొప్పి లేకుండా ఒక చుట్టు తిరిగింది. శాలేమురాజుకి కళ్లు తిరిగినంత సంతోషమైంది. ఇలాగైతే ఇంకో పదేళ్లు తిప్పుతాను, ఎవరికీ చెప్పనక్కర్లేదు అనుకున్నాడు. మొహం విప్పారడం చూసి లూకా పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు.

అప్పుడు కట్టర్ ఇనుముని కరిచింది.

ఇన్నాళ్లూ ఆ తోపునంతా పాత స్క్రూ తన ఒంటి మీద కాచుకునేది. ఆయనకి తిప్పడమే బరువు, ఎదురు తోసేది ఏదీ చేతిదాకా వచ్చేది కాదు. ఇప్పుడు దాచుకునేది ఏదీ మధ్యలో లేదు. కట్టర్ తోపు గోళీల మీదుగా, చక్రం మీదుగా, తిన్నగా ఆయన భుజంలోకి వచ్చింది. చిరిగిన కండలోకి కత్తి దించినట్టయింది. సాయిసుధ వదలొద్దంది. వదలలేదు. సగం దాకా లాక్కొచ్చాడు. మొహం తుడుచుకుని ఎడమచెయ్యి అందించుకుందామంటే వదలాలి, వదలకూడదు. మూడు వంతులు వచ్చింది. ఇంక కొంచెమే ఉంది. ఆయన గట్టిగానే పట్టుకున్నాడు, భుజమే వదిలేసింది.

చక్రం గిర్రున వెనక్కి తిరిగింది. దాని పిడి ఆయన ముంజేతి మీద ఠపీమని కొట్టింది. టేబుల్ ఎదురు తన్నింది, కట్టర్ పళ్లు రెండు విరిగి ఎగిరాయి, గేరుబాక్సు బాడీ మీద లోతుగా గాటు పడింది. సాయిసుధ ఎర్ర బటను గుద్దింది. కట్టర్ ఆగిపోయింది.

ఎముక విరగలేదు. మణికట్టు పైన వాచిపోయింది అంతే. భువనేశ్వరి ఐసు తెప్పించింది. లూకా మాత్రం ఆగలేదు. సాయిసుధ మీద విరుచుకుపడ్డాడు.

"ఏం మెషీను చేశారు మేడమ్? మనిషిని కొట్టే మెషీనా? ముప్ఫయ్యేళ్లలో దొడ్డమ్మ ఈయన మీద చెయ్యెత్తలేదు! మీరొచ్చి దాన్ని పిచ్చిదాన్ని చేశారు!"

సాయిసుధ నిలబడి విన్నది. మొహంలో కోపం లేదు, ఇలాంటివి చాలా విన్నదానిలాగా అలసట ఉంది. "తీసుకొచ్చి పెట్టింది నేను. నాదే బాధ్యత" అంది.

"అమ్మగారూ, పాత స్క్రూ మూలనే ఉంది. ఇదంతా పీకేసి అదే వేసేద్దాం" అన్నాడు లూకా. "అన్న చేతికి అదే కరెక్టు."

భువనేశ్వరి శాలేమురాజు వాచిన చేతి వంక చూసింది, సాయిసుధ వంక చూసింది. గట్టిగా ఊపిరి వదిలింది. "తీసెయ్ సుధా. నాకు భయంగా ఉంది. ఆయనకేదన్నా అయితే నాన్నకి నేనేం చెప్పుకోను? పాతదే వేసెయ్."

సాయిసుధ వంగి స్పానరు అందుకుంది.

శాలేమురాజు చూస్తూ నిలబడ్డాడు. పాత స్క్రూ వస్తుంది. పాత హ్యాండిల్, పాత బరువు, తువ్వాలుతో మొహం తుడుచుకోవడం, స్వర్ణలత కాపడం. అంతా మొదటికి. చేసిన తప్పేమీ లేని పిల్ల తన వల్ల తలొంచుకుని బోల్టులు విప్పుతోంది. ఇంతమందికి తన మీద ఇంత ప్రేమ. ఆ ప్రేమంతా కలిసి తనని మళ్లీ ఆ చక్రానికే కట్టెయ్యబోతోంది. ఒక్కసారిగా ఆయనకి ఎక్కడలేని విసుగు వచ్చింది. నొప్పి మీద కాదు, దాచడం మీద. ఇంక దాచడానికి ఓపిక లేదు.

"ఆగమ్మా" అన్నాడు. "భువనమ్మా, ఇటు చూడు."

కుడిచెయ్యి ఎత్తాడు. అది నడుము దాటింది, ఛాతీ దాకా వచ్చింది, అక్కడ వణుకుతూ ఆగిపోయింది. పళ్లు బిగించి ఇంకా ఎత్తబోయాడు. రాలేదు.

"ఇంతే. ఇంతకు మించి లేవదు. రెండేళ్లైంది. మెషీనుది తప్పు కాదు, నేను వదిలేశాను. పాత స్క్రూ వేస్తే రేపు దాని మీద కూడా వదిలేస్తాను. నా వల్ల కావట్లేదమ్మా."

లూకాకి తను చెయ్యి వేసిన భుజం అదేనని అప్పుడు గుర్తొచ్చింది కాబోలు, మొహం పక్కకి తిప్పేసుకున్నాడు.

"ఎప్పుడో చెప్పొచ్చు కదా బాబాయ్!" అంది భువనేశ్వరి.

"చెప్తే ఏం చేసేదానివమ్మా?"

ఆవిడ చూపు తనకు తెలియకుండానే ఆఫీసు గది గోడ మీది ఫొటోకి పోయింది, వెనక్కొచ్చింది. తల వంచుకుంది.

"నాకు తెలుసండి" అంది సాయిసుధ మెల్లిగా. "మొదటిరోజే చూశా. టిఫిన్ క్యారేజీ కొక్కేనికి తగిలించలేక ఎడమచేత్తో తిప్పలు పడ్డారు. అందుకే బటన్లు ఎడమవైపు పెట్టాను, కిందికి. మీరే చెప్పనిది నేనెట్టా చెప్తాను? అందరి ముందూ అడిగితే వద్దంటారేమో అనుకున్నా. మీరు మా ఇష్టం అన్నారు. నేనన్నా ఒప్పుకోకుండా ఉండాల్సింది."

ఎవరి మర్యాద వాళ్లు కాపాడుకున్నారు. అందరి మర్యాదా కలిపి ఒక మనిషి చెయ్యి వాచింది.

భువనేశ్వరి ఆఫీసు గదిలోకి వెళ్లింది. శాలేమురాజు శాలువా తేవడానికే అనుకున్నాడు. కాసేపటికి ఆవిడ తను రోజూ కూర్చునే ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ మోసుకుంటూ వచ్చింది. దొడ్డమ్మ ముందు, ఎడమవైపు, బటన్ల పెట్టె పక్కన వేసింది.

"అమ్మగారూ, మెషీను దగ్గర కుర్చీనా?" అలవాటుకొద్దీ అనేశాడు లూకా. "అయ్యగారి మాట..."

"నాన్నుంటే నాన్నే వేసేవాడు. లేడు గనక నేనేస్తున్నా. నువ్వా హ్యాండిల్ పీకు ముందు." ఆవిడ శాలేమురాజు వైపు తిరిగింది. "బాబాయ్, కూచో. మొదటి కోత ఇంకా అవలేదు."

లూకా హ్యాండిల్ విప్పాడు. గుడ్డతో తుడిచాడు, దాన్నేం చెయ్యాలో తెలియక చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నిలబడ్డాడు. "దీన్ని గోడకి తగిలించి దండ వేద్దామన్నా."

"దండెయ్యకురా బాబూ, నేనింకా బతికే ఉన్నా" అన్నాడు శాలేమురాజు. చాలా రోజులకి షెడ్డులో ఆయన నిజంగా నవ్వాడు.

కొత్త కట్టర్ బిగించారు, వేరే బాడీ పెట్టారు. శాలేమురాజు కూర్చున్నాడు. ఆ షెడ్డులో ముప్ఫయ్యేళ్లలో మొదటిసారి కూర్చున్నాడు. మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎడమచేత్తో పచ్చ బటను నొక్కాడు. టేబుల్ దానంతటదే కదిలింది. కట్టర్ కరిచింది, తోసింది. మోటారు కాచుకుంది. బటన్ల పెట్టె తెర మీద అంకెలు పరుగెత్తాయి, ఎర్రలైటు వెలగలేదు. ఈ చివరినించి ఆ చివరికి కోత అద్దంలా వచ్చింది. భువనేశ్వరి రజను పొట్లం కట్టి సొరుగులో పెట్టింది.

సాయంత్రం రేపల్లె రైల్లో కిటికీ దగ్గర చోటు దొరికింది. సగం దూరం వచ్చాక శాలేమురాజు ఎడమచేత్తో ఫోను తీశాడు.

"చెప్పేశానే" అన్నాడు.

అవతల స్వర్ణలత గిన్నె కింద పెట్టిన చప్పుడు వినిపించింది. "ఏమన్నారు? శాలువా తెచ్చారా?"

"లేదు. కుర్చీ వేశారు."

"మెషీను దగ్గరా?"

"మెషీను దగ్గరే."

"మరి... కూచున్నారా?"

ఆ మాటకి ఆయనకి ఏడుపు ముంచుకొచ్చింది. ఇన్నాళ్ల నటన ఏడుపు కాదు, అసలుదే. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. పక్కవాళ్లు చెమట అనుకున్నారు.

"కూచున్నాను" అన్నాడు.